ఎసరు పెట్టమన్న గొంతు

మా ఆయన పోయిన ఏడో నెలలో ఆయన గొంతు ఆటోలో విన్నాను.

పామర్రులో కూరగాయలు కొనుక్కుని ఎక్కాను. డ్రైవరు ఏదో పాట పెట్టాడు. ఒకటే డప్పులు, మధ్యలో ఒక ఆడపిల్ల ఊపిరి తీసుకోకుండా గబగబా ఏదో చెప్తోంది. ఉన్నట్టుండి డప్పులు ఆగాయి. ఒక దగ్గు. ఆ వెనకే, "వేణీ, ఎసరు పెట్టవే!" మళ్ళీ డప్పులు. ఎదురుగా కూర్చున్న కాలేజీ పిల్లలిద్దరూ ఆ దగ్గు దగ్గి, భుజాలు ఎగరేసి నవ్వుకున్నారు. నేను దిగాల్సిన చోటు దాటిపోయింది.

ఆ వేణిని నేనే, నాగవేణిని. ఆ గొంతు మా ఆయన చౌడయ్యది.

ఆయన మగ్గం గుంట పక్కనే పుట్టి, నలభై అయిదేళ్ళు వచ్చేదాకా నేశారు. మోకాళ్ళు పట్టేశాక గుంటలోకి దిగలేక, మోపెడ్ మీద చీరల మూట కట్టుకుని ఊళ్ళ మీద తిరగడం మొదలుపెట్టారు. మగ్గం మీద పొద్దస్తమానం పెదవి విప్పని మనిషి, బండెక్కాక మారిపోయారు. ప్రతి కొత్త చీరకీ టీవీ సీరియల్లో కోడలి పేరో, ఆ వారం ఆడుతున్న సినిమాలో అమ్మాయి పేరో పెట్టేవారు. కేక వేసే బాణీ పాత సినిమా పాటల్లోంచి కొట్టేసేవారు. ఒక ముక్క ఒక పాటది, ఇంకో ముక్క ఇంకో పాటది.

"ఎవరు పట్టుకుంటారే?" అనేవారు నాతో.

ఆడవాళ్ళు పట్టుకునేవారు. గుమ్మంలో నిలబడి, "చౌడయ్యా, ఇవాళ పల్లవి ఫలానా సినిమాది కదూ?" అని అడిగేవారు. సరిగ్గా చెప్పినవాళ్ళ అరుగు మీదే ముందు మూట విప్పేవారు. అది ఆయన పెట్టుకున్న రూలు.

రెండేళ్ళ కిందట దసరా నాడు, మగ్గానికీ బండికీ పూజ చేసి, బండికి కట్టిన మైకులో పెట్టే మెమరీ కార్డులోకి కొత్త కేక ఎక్కించారు. అయిపోయాక ఆపే మీట నొక్కాననుకున్నారు. అది నొక్కుకోలేదు. దగ్గి, వంటింటి వైపు తిరిగి, "వేణీ, ఎసరు పెట్టవే!" అన్నారు. అదీ ఎక్కింది. మర్నాటి నుంచీ పది ఊళ్ళలో చీరల పేర్లన్నీ అయ్యాక చివర నాకు పురమాయింపు. నాకు తల కొట్టేసినట్టయింది.

"తీసెయ్యండి బాబూ, ఊరంతా నవ్వుతున్నారు."

"నవ్వినోళ్ళు ఊరికే పోవట్లేదే, చీర చూసి పోతున్నారు. తియ్యను, ఫో."

తియ్యలేదు. చౌడయ్య బండి వినపడితే వంటకి వేళయిందని ఆ ఊళ్ళలో లెక్క పెట్టుకునేవారు.

ఆ దగ్గు నూలు దుమ్ము వల్ల అనుకున్నాం. నేనే ఎక్కువ అనుకున్నాను. మిరియాల పాలు కాచి ఇచ్చి ఊరుకున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి ఊపిరితిత్తుల్లో చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

పదకొండో రోజున, పోయినాయన పనిముట్లు అదే పని చేసుకునేవాళ్ళకి దానం ఇవ్వడం మాలో ఆచారం. మైకు నేనే నా చేత్తో పుల్లయ్యకిచ్చాను. అతనూ చీరలమ్ముతాడు. కార్డు అందులోనే ఉందన్న సంగతి నెల తర్వాత, బియ్యం కడుగుతుంటే గుర్తొచ్చింది. చేతులు తుడుచుకోకుండా పరిగెత్తాను.

"అయ్యో అక్కా, దాని మీద నా గొంతు ఎక్కించుకున్నానే," అన్నాడు పుల్లయ్య.

ఫోటోలు చాలా ఉన్నాయి. గొంతు ఎక్కడా లేదు. ఆటోలో వినేదాకా అదే నా బతుకు.

పాట సంగతి మా మరిది దుర్గాశంకర్‌కి నాకంటే ముందే తెలుసు. వాళ్ళన్నని మంచం మీద నుంచి లేపి కూర్చోబెట్టిందీ, ఆఖరి రోజుల్లో వీపు రాసిందీ అతనే. ఆ దగ్గుకి జనం స్టెప్పులేస్తున్న వీడియోలు చూసి రెండు రోజులు అన్నం మానేశాడు. పాట చేసిన అమ్మాయి పేరు సాయిశ్రీ అనీ, గన్నవరం పిల్ల అనీ, బెంజ్ సర్కిల్ దగ్గర గది తీసుకుని పాటలు కడుతుందనీ ఆరా తీశాడు. నెట్ సెంటర్లో కూర్చుని కంప్లయింటు నింపించాడు. పోయినాయన భార్యగా నా పేరు, నా నంబరు ఇచ్చాడు. నా ఫోనుకొచ్చే ఓటీపీ కొడితే చాలు, పాట ఒక్క రోజులో అన్ని చోట్లా తీసేస్తారట.

"ఆ పిల్ల ఎదురుగానే కొడతా," అన్నాడు. నేను సరేనన్నాను. నాక్కావలసింది వేరు. ఆ పిల్ల దగ్గర కార్డులో ఉన్నదంతా, డప్పులు లేకుండా, ఉండి ఉంటుంది. అది అడగాలి. ఈ మాట దుర్గాశంకర్‌కి చెప్పలేదు.

మొబైల్ షాపు మీద మూడో అంతస్తులో గది. చప్పుడు బయటికి పోకుండా గోడలకి కోడిగుడ్ల అట్టలు అతికించి ఉన్నాయి. సాయిశ్రీకి పాతికేళ్ళుంటాయి. కుర్చీలు చూపించింది. దుర్గాశంకర్ కూర్చోలేదు.

"దగ్గులో ఏం కామెడీ కనపడిందమ్మా నీకు? మా అన్న ఆ దగ్గుతోనే పోయాడు."

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "పోయారా? నాకు తెలీదండీ. పొద్దున ఫోన్లో మీరు కేసు పెడతానన్నారంతే. పుల్లయ్య గారు తన గొంతు ఎక్కించుకునే ముందు, 'పాత గొంతు' అని నాకు కాపీ ఇచ్చారు. నేను వీధుల్లో అమ్మేవాళ్ళ కేకలు పోగు చేస్తుంటానండీ."

"పోగు చేసి?"

"పాటల్లో దాస్తాను అంకుల్. దీంట్లో బస్టాండు అనౌన్స్‌మెంటుంది, గోలీసోడా కొట్టిన చప్పుడుంది, మగ్గం చప్పుడు కూడా ఉంది. ఎక్కడెక్కడివో పట్టుకుని పాట కింద కామెంట్లలో రాస్తారు జనం. ఈయన గొంతొక్కటే ఎవరూ పట్టుకోలేదు. ఏదో పాత సినిమాలో డైలాగనుకుంటున్నారు."

ఎవరు పట్టుకుంటారే, అన్నారు ఆయన. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

దుర్గాశంకర్ తన ఫోన్లో ఏదో నొక్కాడు. నా చేతిసంచిలో బటన్ల ఫోను టింగుమంది.

"వదినా, నంబరొచ్చింది. చెప్పు. పది నిమిషాలే ఉంటుందది."

"ఉండు శంకరం," అని ఆ పిల్ల వైపు తిరిగాను. "అమ్మా, పుల్లయ్య ఇచ్చింది నీ దగ్గరుందిగా? మొత్తం. అది నాకియ్యి."

సాయిశ్రీ తల దించుకుంది. "లేదు ఆంటీ."

"లేదంటే?"

"పోలీసులొచ్చి లాప్‌టాప్ పట్టుకుపోతారన్నారు అంకుల్. భయమేసింది. లాప్‌టాప్‌లో, ఫోన్లో అన్నీ తుడిచేశా. పొద్దున్నుంచి మా ఫ్రెండు వెనక్కి తేవాలని చూస్తున్నాడు. రాలేదు."



"మరి పాట?"

"అది పాటల కంపెనీకి ఇచ్చేశానండీ. నేను తియ్యాలన్నా తియ్యలేను. మీ కంప్లయింటొస్తేనే తీస్తారు."

అప్పుడు నాకు అర్థమైంది, దుర్గాశంకర్‌కి ఇంకా కాలేదు. లోకంలో ఆయన గొంతు మిగిలింది ఆ పాటలోనే. దాని ప్రాణం నా సంచిలో ఉంది.

"వదినా, ఏడు నిమిషాలు," అన్నాడు.

"ఒకసారి వినిపించమ్మా," అన్నాను.

చెవులకి పెద్ద డొప్పల్లాంటివి తగిలించింది. ఆటోలో విన్నట్టు లేదు. డప్పులు ఆగినచోట మా వసారా వినపడింది. దగ్గుకి ముందు ఆయన గొంతు సవరించుకోవడం వినపడింది. ఆ తర్వాత దగ్గు. ఆ రోజు వంటింట్లో ఉండి ఈ దగ్గే విన్నాను. విని కూడా పులిహోరకి పోపు వేసుకుంటున్నాను. ఎసరు పెట్టమన్న మాటకి బదులిచ్చాను గానీ, దగ్గు గురించి ఒక్క మాట అడగలేదు.

డొప్పలు తీశాను. "దగ్గు తీసేసి మాట ఒక్కటే ఉంచొచ్చుగా?"

"ప్రయత్నించాను ఆంటీ. అది లేకపోతే మనిషి పిలిచినట్టు లేదు. అచ్చం రికార్డులా ఉంది."

దుర్గాశంకర్ గొంతు లేచింది. "కబుర్లు చాలు. మూడు నిమిషాలుంది వదినా. సంచి ఇటియ్యి, నేను చూసుకుంటా."

చెయ్యి చాపాడు. నేను సంచిని రెండు చేతులా ఒళ్ళోకి అదుముకున్నాను. పాతికేళ్ళ కాపురంలో మా మరిదికి ఎదురు చెప్పింది లేదు. అతనూ అది ఎరిగినవాడే. చాపిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

"దగ్గుకి డాన్సులు కడుతున్నారు వదినా! నీకు బాధ లేదా?"

"ఉంది."

"మరి?"

"పదకొండో రోజున ఆయన గొంతు నేనే దానమిచ్చేశా శంకరం. మళ్ళీ ఇయ్యను."

"నవ్వుతున్నారు వదినా జనం."

"మీ అన్న బతికున్నప్పుడూ నవ్వారు. తీసెయ్యమంటే తియ్యలేదు."

అతను గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. సాయిశ్రీ గోళ్ళు కొరుక్కుంటోంది. కాసేపటికి దుర్గాశంకర్ ఫోను వెలిగింది. టైము అయిపోయిందట, మళ్ళీ పంపమంటారా అని అడుగుతోందట. అతను దాని వైపు చాలాసేపు చూసి, బోర్లా పెట్టేశాడు.

లేచేముందు ఆ పిల్లనడిగాను. "పాట కింద పేర్లు రాస్తారంటగా. ఆయన పేరు రాస్తావా?"

"రాస్తానాంటీ. ఏమని రాయమంటారు?"

"చౌడయ్య, చీరలు. అంతే."

బస్సులో దుర్గాశంకర్ నా పక్కన కూర్చోలేదు. ముందు సీట్లో కూర్చుని, ఉయ్యూరు దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. చెరకు లారీ అడ్డమొచ్చి బస్సు ఆగినప్పుడు వెనక్కొచ్చి నా పక్కన కూర్చున్నాడు. చెవిలో తీగ పెట్టుకుని పాట తీశాడు. అతని వేలు మోకాలి మీద డప్పుల లెక్క వేయడం, తర్వాత ఆగిపోవడం చూశాను. దగ్గు వచ్చింది కాబోలు, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చప్పున తీగ లాగేశాడు.

"మిగతాది ఇంకోసారి వింటా వదినా," అన్నాడు.

మిగతాది మూడు మాటలు.