ప్రొఫెసరు పక్షాన మా వియ్యంకుడు

మా వియ్యంకుడు గారు పోయారన్న కబురు నాకు అమ్మాయి చెప్పలేదు, అల్లుడూ చెప్పలేదు. పాలు పోసే ఆమె చెప్పింది. గిన్నెలోకి పాలు వంచుతూ, "మీ ఇయ్యంకుడుగారు తెల్లారుజామున పోయారంట గదయ్యా, మీరింకా పేపరు చదువుకుంటా కూసున్నారేంది?" అన్నది. రెండు వీధుల అవతల ఇల్లు. నాకు చెప్పమని పంపిన మనిషి దారిలో టీ కొట్టు దగ్గర ఆగిపోయాడని తర్వాత అన్నారు. అన్నారు కాబట్టి రాస్తున్నాను, నమ్మానని కాదు.

నేను వెళ్ళేసరికి ఆయన్ని వసారాలో చాప మీద పడుకోబెట్టారు. నా మాటకు అడ్డం రాబోయే ముందు ఆయన పెదవి ఒక పక్కకు కొంచెం లాగుకునేది. ఇప్పుడూ అలాగే ఉంది. నాకు ముందు దుఃఖం రాలేదు, ఉక్రోషం వచ్చింది. నాలుగేళ్ళుగా ఆయనా, మా అమ్మాయీ కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారు. అదేమిటో అడిగి తేల్చుకుందామని నేననుకుంటూ ఉండగానే ఈ మనిషి తప్పించుకుపోయాడు.

పెద్దకర్మ అయ్యాక గ్రంథాలయంలో సంతాపసభ పెట్టారు. కార్యదర్శి ఆయన్ని మహామేధావి అన్నాడు, పల్నాటి గడ్డ కన్న పౌరుషం అన్నాడు. ఆయన బతికుండగా ఈ కార్యదర్శే, "ముసలాయనలిద్దరూ వచ్చారంటే ఇంకెవరూ చదువుకోలేరండీ" అంటూ మమ్మల్ని వరండాలోకి సాగనంపినవాడు. సభలో నన్ను మాట్లాడమనలేదు. నేనేం చెబుతానో అని భయపడి ఉంటాడు. అక్కడ చెప్పనివ్వనిది ఇక్కడ చెబుతున్నాను.

ఆయన గురజాల మునసబు కోర్టులో హెడ్ గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. భార్య పోయాక నరసరావుపేటలో కొడుకు దగ్గరకు వచ్చేశారు. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా ఆవిడ అప్పటికే పోయింది. అమ్మాయి ఇంట్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం మేమిద్దరం వసారాలో కూర్చునేవాళ్ళం. ఆయన ఎండాకాలమైనా చలికాలమైనా చొక్కా కాలరు కింద మడతపెట్టిన చేతిరుమాలు ఉంచుకునేవారు. చదివిన పేపరును కొట్లో కొన్నదానికన్నా నీటుగా మడిచి ఇచ్చేవారు. ఎవరైనా మాట్లాడుతుంటే కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకునేవారు. "చూపు పనిచేస్తుంటే చెవి సోమరిదైపోద్ది బావగారూ" అనేవారు. కోర్టులో సాక్షుల మాటలు వినీ వినీ వచ్చిన అలవాటట.

నేను పిల్లనిచ్చినవాణ్ణి. మగపెళ్ళివారి మాటకు ఎదురు చెప్పడం మా ఇళ్ళల్లో మర్యాద కాదు. ఆయన మొదటి ఆదివారమే ఆ మర్యాదను పక్కన పెట్టించారు. "ఈడ వాదీ ప్రతివాదే బావగారూ. మగపెళ్ళివారూ ఆడపెళ్ళివారూ పెళ్ళిపందిట్లోనే అయిపోయారు" అన్నారు. అంత మంచితనం ఎదురైతే నాకు అనుమానం వస్తుంది. ఇచ్చిన చనువు ఎప్పుడో ఒకనాడు వెనక్కి తీసుకుంటారని ఎదురుచూశాను. తీసుకోలేదు. ఆ మాట కూడా రాయడం న్యాయం.

ఇక సినిమా సంగతి. నాలుగేళ్ళ కిందట, మే నెలలో, మా ఊళ్ళో ఒక సైన్సు సినిమా ఆడింది. తెలుగులో ఇలాంటిది ఇంతవరకూ రాలేదని ఒక వారపత్రికవాడు రెండు పేజీలు రాశాడు. ఆ రాసినవాడు సినిమా చూశాడని నేనిప్పటికీ నమ్మను. అల్లుడు ఆఫీసు పనిమీద క్యాంపుకు వెళ్ళాడు. మా వియ్యంకుడే టిక్కెట్లు కొని నన్నూ, అమ్మాయినీ మ్యాట్నీకి తీసుకెళ్ళారు. అమ్మాయి ఆడవాళ్ళ వైపు కూర్చుంది. మేమిద్దరం కుర్చీ క్లాసులో కూర్చున్నాం. విశ్రాంతిలో ఆయన సోడాకని లేచి వెళ్ళి తిరిగి రాలేదు. సినిమా అయిపోయాక చూస్తే గేటు దగ్గర నిలబడి ఉన్నారు. చొక్కా చెమటకు వీపునంటుకుపోయింది.

"ఏమైపోయారండీ?" అన్నాను.

"అవతల ఫ్యాను కింద సీటు దొరికింది బావగారూ, ఆడే కూర్చుండిపోయా."

"అమ్మాయేదీ?"

"ఈ తొక్కిసలాటలో ఎందుకని రిక్షా ఎక్కించి ఇంటికి పంపా."

ఫ్యాను కింద కూర్చున్నవాడికి అంత చెమటేమిటో అనుకున్నాను. సీటు దొరికితే నన్ను పిలవకుండా తనొక్కడే కూర్చోవడమేమిటనీ అనుకున్నాను. కానీ నా బుర్ర నిండా సినిమా ఉంది. కథ ఇది. ఒక ప్రొఫెసరు ఎదుటివాళ్ళ మనసులో మాట వినిపించే యంత్రం తయారుచేస్తాడు. దాంతో స్నేహితులెవరో శత్రువులెవరో తెలుసుకుంటాడు. అతని అసిస్టెంటు యంత్రాన్ని దొంగిలించి, కారణమేమీ లేకుండా తిరిగి తెచ్చిచ్చి ఏడుస్తాడు. ప్రొఫెసరు భార్య విశ్రాంతి దాకా డాక్టరు, మొగుడితో సమానంగా వాదిస్తుంది. విశ్రాంతి తర్వాత కాఫీ తేవడం తప్ప ఆమెకు పనిలేదు. చివరికి ప్రొఫెసరు యంత్రాన్ని ఆమె వైపు తిప్పి, మీట నొక్కబోయి, ఆగి, సుత్తితో దాన్ని పగలగొడతాడు. శుభం.

"వాడెందుకు పగలగొట్టాడండీ?" అని గేటు దగ్గరే అడిగాను.

ఆయన కాలరు కింద రుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. "కారణం ఉండే ఉంటది బావగారూ" అన్నారు.

"ఏం కారణం? కథ రాసినవాడికి ముగింపు తోచలేదు, అదీ కారణం. భార్య మీద ప్రొఫెసరుకు అనుమానం ఉన్నట్టు అంతకుముందు ఒక్క సీనైనా ఉందా? విత్తనం వెయ్యకుండా పంట కోస్తాడా?"

"మీకు చెప్పలేదని కారణం లేదంటే ఎట్టా? కోర్టుకొచ్చినోళ్ళు ఎంతమంది అన్నీ చెప్పారు?"

అక్కడ మొదలైంది, నాలుగేళ్ళు సాగింది. నేను చదివిన నాటకాలన్నీ, నవలలన్నీ ఆ వసారాలోకి మోసుకొచ్చాను. పాత్రకు కోరిక ఉండాలి, ఆ కోరిక మారితే ఎందుకు మారిందో చూసేవాడికి తెలియాలి అని నా వాదన. ఆయన ప్రొఫెసరు వకాల్తా పుచ్చుకున్నారు. అసిస్టెంటు మాటెత్తితే, "సొత్తు తిరిగొచ్చిందిగా బావగారూ. ఫిర్యాదీకి లేని బాధ మీకెందుకు?" అనేవారు. డాక్టరమ్మ చేత కాఫీలు మోయించి పాత్రను చంపేశారని నేనంటే, "కాఫీ తెచ్చే ఆడమనిషి మనసులో ఏం లేదని మీకెవరు చెప్పారు? అడిగారా?" అనేవారు. ఒకసారి నాకు కోపం వచ్చి, "అసలు మీరు చూసిన సినిమా నేను చూసిన సినిమా ఒకటేనా?" అన్నాను. ఆయన పెద్దగా నవ్వి, "అదే నా అనుమానం కూడా" అన్నారు.

ఆయనకొక ఎత్తు ఉండేది. ఏ సీను గురించి వాదన వచ్చినా ముందు తాను చెప్పేవారు కాదు. కళ్ళజోడు తీసి, "మీరు చెప్పండి బావగారూ, ముందు ఏం జరిగింది? ఎవరెక్కడ నిలబడ్డారు?" అనేవారు. నేను పూసగుచ్చినట్టు చెప్పేవాణ్ణి. అంతా విని, నా మాటల్లోంచే ఒకటి పట్టుకుని నా మీదికి తిప్పేవారు. ఇది కోర్టు విద్య అనుకున్నాను. ఆదివారం పొద్దున అద్దం ముందు గడ్డం గీసుకుంటూ, ఈసారి ఎక్కడా దొరక్కుండా ఎలా చెప్పాలా అని తయారయ్యేవాణ్ణి.

కానీ నా అనుమానం ఆయన వాదన మీద కాదు. మేం ఆ సినిమా మాట ఎత్తగానే మా అమ్మాయి వంటింట్లోకి లేచిపోయేది. గడప దాటేముందు మామగారి వంక ఒక చూపు చూసేది. ఆయన తల వంచుకునేవారు. ఒకటి రెండుసార్లు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం చూశాను. నన్ను చూసి నవ్వుకుంటున్నారు అనుకున్నాను. కన్నకూతురు మామగారితో కలిసి తండ్రిని వేళాకోళం చేస్తోందంటే, ఆ ఇంట్లో నా వెనకాల ఇంకేం మాటలు నడుస్తున్నాయో. అడిగితే, "ఏం లేదు నాన్నా, పొయ్యి మీద పాలున్నై" అనేది. ప్రతి ఆదివారం అదే వేళకు ఏ ఇంట్లో పాలు పొంగుతాయి?

సంతాపసభ నుంచి తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మాయి ఎండిన బట్టలు మడతపెడుతోంది.

"ఎవరెవరు మాట్లాడారు నాన్నా?"

"అందరూ మాట్లాడారు. ఆ సినిమా మాట మాత్రం ఎవడూ ఎత్తలేదు."

ఆమె పెదవులు బిగబట్టింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఇక లాభం లేదని అడిగేశాను. "నువ్వూ మీ మామగారూ నా దగ్గర ఏం దాచారు?"

ఆమె చేతిలో బట్ట మడత పూర్తిచేసి పక్కన పెట్టింది. "మామయ్యగారు ఆ సినిమా సగమే చూశారు నాన్నా."

నాకు అర్థం కాలేదు.

"నాకప్పుడు మూడో నెల. ఆ హాల్లో బీడీల పొగకి కడుపులో తిప్పేసింది. ఇంటర్వెల్లో బయటికొచ్చి గోడ పక్కన వాంతి చేసుకుంటుంటే మామయ్యగారు చూశారు. రిక్షా పిలిచి నన్ను ఇంటికి తెచ్చారు. మజ్జిగ ఇచ్చి, పక్కింటి పిన్నిగారిని తోడు కూర్చోబెట్టి, సినిమా వదిలే టయానికి మళ్ళీ వెళ్ళారు."

"నాకు చెప్పకుండానా?"

"నేనే చెప్పొద్దన్నా. మొదటిది నిలవలేదు గదా, ఇది కొంచెం నిలదొక్కుకున్నాక చెబుదామనుకున్నా. మొదటిసారి నువ్వు మామయ్యగారిని ఏమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. నా కూతురి చేత బరువులెత్తించారా అని అడిగాను. తండ్రిని, అడుగుతాను. ఆయన ఆనాడు ఎదురుమాట అనలేదు. అనకపోవడం కూడా నాకు అప్పుడు అనుమానంగానే తోచింది.

"సరే, పాప పుట్టాకైనా చెప్పొచ్చుగా? దానికి మొన్ననేగా అక్షరాభ్యాసం చేయించాం."

"చెబుతానంటే ఆయనే వద్దన్నారు. 'మీ నాన్నగారు నాతో వాదించడానికి పొద్దున్నించీ తయారై వస్తారమ్మా. సగం చూసినోడితో వాదిస్తున్నానని తెలిస్తే ఆదివారం రావడం మానేస్తారు' అన్నారు. పోయినేడు ఆ సినిమా మళ్ళీ వచ్చింది చూడు, వెళ్ళి మిగతా సగం చూసి రండి మామయ్యా అన్నా. 'చానా పొరపాటమ్మా, చూస్తే మీ నాన్నగారి మాటే రైటని తేలుద్దేమో, ఇక నేనేం మాట్లాడేది' అన్నారు."

అంటే ఆ ప్రొఫెసరు యంత్రం పగలగొట్టడం ఆయన చూడనేలేదు. అసిస్టెంటు ఏడుపూ చూడలేదు. డాక్టరమ్మ మోసిన ఒక్క కాఫీ కప్పునూ చూడలేదు. నేను చెప్పింది విని, దాన్నే నా మీద ప్రయోగించి, నాలుగేళ్ళు నన్ను ఓడించారు. కోర్టులో అయితే ఇలాంటి సాక్ష్యాన్ని గడప కూడా తొక్కనివ్వరు. ఇది మోసం, మోసమనే రాస్తున్నాను. నా మాటలు అంత శ్రద్ధగా విన్న మనిషి నా బతుకులో ఇంకొకరు లేరు. నేను ముందు వరసలో కూర్చోబెట్టి పాఠం చెప్పిన పిల్లల్లోనూ లేరు. అదీ రాస్తున్నాను. ఈ రెంటిలో ఏది ముందు రావాలో నాకింకా తెలియదు.

ఒక్క సందేహం మిగిలింది. కేసు మూసేముందు అడగవలసింది అడగాలి.

"రిక్షాలో వచ్చినవాడికి ఆ చెమటేమిటి? గేటు దగ్గర ఆయన చొక్కా పిండితే నీళ్ళు కారేట్టుంది."

"ఆయన రిక్షా ఎక్కితేగా నాన్నా."

కోడలి పక్కన మామగారు కూర్చోవడం మా ఇళ్ళల్లో లేదు. రెండో రిక్షా కోసం చూస్తే ఆ వేళప్పుడు లేదట. సినిమా హాలు నుంచి స్టేషను రోడ్డు మీదుగా ఇంటిదాకా, మే నెల ఎండలో, అరవై దాటిన మనిషి రిక్షా పక్కన నడిచారు. ఒక చెయ్యి టాపు మీద వేసి, ఎండ ఎటు నుంచి పడితే అటు దాన్ని లాగి పట్టుకుంటూ, గతుకు కనిపించిన చోటల్లా రిక్షా అతన్ని, "నిదానం, నిదానం నాయనా, మనకేం తొందర లేదు" అంటూ.