పొగ లేని బండికి డీజిల్ ఎంత?

2023లో సూర్యాపేట శివారు మైదానంలో ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు తాము తయారుచేసిన గో-కార్ట్‌లతో పోటీ పెట్టుకున్నారు. గో-కార్ట్ అంటే నేలకు ఆనినట్టుండే, ఒక్కరే కూర్చునే రేసు బండి. అక్కడ కరెంటు లేక నా జనరేటర్‌ను కిరాయికి తీసుకున్నారు. పెళ్లిళ్లకు, సభలకు జనరేటర్లు ఇవ్వడం నా పని.

పెట్రోలు బండ్ల మధ్య బ్యాటరీ బండి ఒక్కటే, కోదాడ జట్టుది. దాని మీద ‘పొగ లేని పరుగు’ అని రాసి ఉంది. జట్టు నాయకురాలు స్రవంతిది గరిడేపల్లి. తక్కువ కాలుష్యం చేసిన బండికి విడిగా ఒక బహుమతి ఉంది. దానికోసమే వాళ్లు ఏడాదిగా కష్టపడ్డారు.

పొద్దుటి నుంచి వాళ్ల చార్జర్ కోసమే నా జనరేటర్ తిరుగుతోంది. మధ్యాహ్నం స్రవంతి దాని పొగను చూస్తూ నిలబడింది.

“ఎంత డీజిల్ తాగింది ఆంటీ?”

“గేజు పాడైంది బిడ్డా. ఆగు, సువ్వ ముంచి సూస్తా.”

నా దగ్గర ఒక ఇనుప చువ్వ ఉంటుంది. నలభై ఎనిమిదో ఏట అక్షరాలు, అంకెలు నేర్చిన కొత్తలో దాని మీద లీటర్ల గీతలు నేనే గీశాను. చూస్తే పది లీటర్లు తగ్గింది.

“గంతనా! చార్జర్ చిన్నదే గదా?”

“పెండ్లిపందిరి మొత్తం మోసే ఇంజన్ ఇది. నీ చార్జర్ ఒక్కటే పెట్టినా తిరగాల్సిందేనాయె.”

మోసే పనిని మేం లోడ్ అంటాం. పెద్ద జనరేటర్‌కు చిన్న లోడ్ పెడితే డీజిల్ దండగ.

స్రవంతి పక్క జట్టును అడిగి వచ్చింది. వాళ్లకు పొద్దుటి నుంచి మూడు లీటర్ల పెట్రోలు పట్టిందట. వెంటనే జడ్జీలకిచ్చే రిపోర్టులో నా జనరేటర్ తాగిన పది లీటర్లూ రాయబోయింది. జట్టులోని కిరణ్ కాగితం లాక్కున్నాడు.

“పిచ్చా నీకు? జనరేటర్ గురించి ఎవరడిగారు?”

“ఎవ్వరు అడగలే. పొగ మన బండిల లేదు, ఆంటీ జనరేటర్ల ఉంది. గంతే తేడా.”

“నా మీదకు నెట్టకు తల్లీ,” అన్నాను.

ఆమె నవ్వి, కాగితం తీసుకుని రాసేసింది. బహుమతి పెట్రోలు జట్టుకు పోయింది. కిరణ్ కోపంగా బండిని ఒక్కడే తోసుకుంటూ పోయాడు.

మరుసటి ఏడు పోటీ మిర్యాలగూడలో. స్రవంతి ఫోన్ చేసింది.

“జనరేటర్ వద్దు ఆంటీ. రైస్ మిల్లు మీది సోలార్ కరెంటుతోని చార్జింగ్ చేసుకుంటున్నం.”

“మరి నాకెందుకు ఫోన్?”

“నీ సువ్వ కావాలె. ఎవరెంత కాలుస్తున్నరో ఈసారి అంతా కొలవాలన్నరు జడ్జీలు.”

వెళ్లాను. ఒక్కో ట్యాంకు ఒక్కో తీరు కాబట్టి, దేనికది కొలిచి చువ్వ మీద కొత్త గీతలు గీశాను. బండ్లు నడిచినంతసేపూ వాళ్ల బండి ఒక్కటే చుక్క కూడా కాల్చలేదు. తర్వాత, బండ్లను మోసుకొచ్చిన డీసీఎం వ్యాన్లను చూపించి, “వీటిల గూడ ముంచాల్నా?” అన్నాను.

“ముంచు ఆంటీ. లెక్క తెలవాలని ఎల్లేటప్పుడే అన్ని వ్యాన్లకు ట్యాంకు నిండ పోయించినం.”

రేసులో బండ్లన్నీ కలిసి కాల్చినదానికంటే ఆ వ్యాన్లు కాల్చిందే ఎక్కువ. ఆ అంకె కూడా ఆమె రాసింది. ఈసారి కిరణ్ కాగితం లాక్కోలేదు. పక్క జట్టు దగ్గరికి వెళ్లి, “వచ్చే ఏడు మన రెండు బండ్లూ ఒకే వ్యాన్‌లో తెద్దామా?” అని అడిగాడు.

పొగ కనబడకపోతే లేనట్టు కాదని నాకు ముందే తెలుసు. దాన్ని తన చేత్తో రాసి నష్టపోయే ధైర్యం మాత్రం ఆ పిల్ల దగ్గరే చూశాను.