చంద్రిక వెనక్కి వెళ్లిన పుస్తకం

తిరుమలరావు ఉక్కు కర్మాగారంలో ముప్ఫై రెండేళ్లు క్రేన్ నడిపాడు. అయినా కూర్మన్నపాలెంలో పాతవాళ్లకి అతను గుర్తున్నది క్రేన్ వల్ల కాదు, సీరియల్ వల్ల.

ఆ రోజుల్లో శుక్రవారం వచ్చిందంటే పొద్దుటి ఎ షిఫ్టు బస్సులో ఆ సీరియల్ పడే వారపత్రిక ఉండి తీరాలి. డ్రైవర్ వెనక సీటు దాన్ని బస్సంతా వినేలా పైకి చదివేవాడిది. కోనసీమ నుంచి వచ్చిన తిరుమలరావుకి గొంతు ఉంది, సిగ్గు లేదు. ఆ సీటు అతనికే వదిలేశారు. గేటు దగ్గరపడుతున్నా కథ మిగిలి ఉంటే డ్రైవర్ వీర్రాజు బస్సు నెమ్మది చేసేవాడు. ఆలస్యమేమని పైవాళ్లు అడిగితే గేదెలు అడ్డొచ్చాయనేవాడు. పాపం, ఆ ఏడాది గేదెలు మోసిన నింద అంతా ఇంతా కాదు!

ఆ సీరియల్లో చంద్రిక, కొట్టే మొగుడి ఇంట్లోంచి ఒక్క ట్రంకుపెట్టెతో వచ్చేసింది. ఎవరు బతిమాలినా వెనక్కి వెళ్లలేదు. ఆఖరి భాగం చదివిన రోజు బస్సు గేటు దగ్గర ఆగినా ఒక్కడూ దిగలేదు. పక్కసీటు సన్యాసిరాజు ఆ నెలలో పుట్టిన కూతురికి చంద్రిక అని పేరు పెట్టేసుకున్నాడు. పాతికేళ్ల తర్వాత ఆ అమ్మాయీ చేతిమీద వాతలతో పుట్టింటికి వచ్చింది. తిరిగి పంపించెయ్యమన్న పెద్దలతో సన్యాసిరాజు ఒక్కటే మాటన్నాడు.

"ఆ సంద్రిక ఎల్లిందేటి, నా కూతురెల్లడానికి?"

ఇప్పుడామె ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతోంది. సన్యాసిరాజుకి చూపు పోయింది. ఆ సీరియల్ రాసిన రచయిత్రి, ఎనభై దాటాక, అదే కథకి రెండో భాగం రాసిందని తెలిసిన దగ్గర్నుంచీ "సదువు బావా" అని ఒకటే పోరు.

తిరుమలరావు పుస్తకం కొని ముందు తనొక్కడే చదివాడు. చదివాక అన్నం సయించలేదు. ముసలితనంలో చంద్రిక ఆ మొగుడి దగ్గరికే వెళ్లి, తప్పంతా తనదేనని కాళ్లు పట్టుకుంది! ఈ రచయిత్రికిదేం బుద్ధి, మంచానపడ్డ మొగుడికి సేవ చేయించడానికా మనచేత అన్ని వారాలు కన్నీళ్లు పెట్టించింది, అని ఒళ్లు మండిపోయింది.

ఆదివారం సన్యాసిరాజు ఇంట్లో చదవడం మొదలుపెట్టాడు. చివరికొచ్చేసరికి కళ్లు పుస్తకంలోనే ఉన్నాయి గానీ నోరు దారి మార్చింది. కథలో చంద్రిక, రమ్మని మొగుడు రాసిన ఉత్తరం చింపేసిందనీ, స్టవ్ మీద కాఫీ పెట్టుకుందనీ సొంతంగా అల్లేశాడు. సన్యాసిరాజు ముఖం వెలిగిపోయింది.

"మావయ్యా," అంది గుమ్మంలోంచి కూతురు చంద్రిక, "ఆ పుస్తకం నాను మొన్నే సదివీసాను."

తిరుమలరావుకి తల ఎత్తబుద్ధి కాలేదు. "మీ నాన్న తట్టుకోలేడేమోనని, అమ్మాయ్..."

"ఏటి? ఏటి దాస్తన్నార్రా నాకాడ?" అన్నాడు సన్యాసిరాజు.

"ఉన్నదున్నట్టు సదువు మావయ్యా," అని ఆమె వచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

చదివాడు. బస్సు హోరుని కూడా మించిన ఆ గొంతు ఈ నాలుగు పేజీలు దాటడానికి నానా అవస్థా పడింది. చదవడం అయ్యాక సన్యాసిరాజు తడుముకుంటూ కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"అయితే ఆ పెద్దోల్లు సెప్పిందే రైటేటమ్మా? నిన్నాపి నాను తప్పు సేసినానా?"

"ఆ రోజు నువ్వు పుస్తకం సూసి తలుపు తీసినావేటి నాన్నా? నాను బయట ఏడత్తన్నానని తీసినావు."

సన్యాసిరాజు ఆ చెయ్యి వదల్లేదు. రచయిత్రి మీద తిరుమలరావు కోపం కూడా తగ్గింది, కాస్తే.