వెనక్కి తిరగకూడదు

సంతాపసభ అన్న మాట చెవిన పడినప్పటి నుంచి షెరీఫుకు ముద్ద దిగడం లేదు.

షెరీఫు అంటే తుపాకీ పట్టిన మనిషేమీ కాదు. పగలు ఓ ఆఫీసులో ఉద్యోగం, సాయంత్రం కౌబాయ్ నవలలు రాసే పెద్దాయన ఇంట్లో, ఆయన చెబుతుంటే టైపు చేయడం. బల్లి కనిపిస్తే గడప దాటేసేంత ధైర్యం. తన నవలల్లో దొంగల్ని పట్టే షెరీఫులా ఈమె తప్పులు ఇట్టే పట్టేస్తుందని ఆయనే ఆ పేరు పెట్టాడు. "మూడో అధ్యాయంలో చచ్చినవాడు ఏడో అధ్యాయంలో మంచినీళ్ళడుగుతున్నాడండీ" అంటే పగలబడి నవ్వేవాడు. గుర్రమెక్కిన పాపాన పోలేదాయన. సైకిలెక్కాలన్నా పక్కన గోడ ఉండాల్సిందే. అయినా ఆయన నవల వచ్చిందంటే చాలు, ఊళ్ళో కుర్రకారంతా కళ్ళు చికిలించుకుని నడిచేవారు.

ఆ గదికి రెండు కట్టుబాట్లు. ఎవరైనా చూస్తుంటే ఆయనకు నోరు పెగలదు. అందుకని షెరీఫు గోడవైపు తిరిగి కూర్చోవాలి, ఆయన "చాల్లే" అనేదాకా వెనక్కి తిరగకూడదు. టైపు మిషన్ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ ఇంట్లోవాళ్ళు తలుపు తోయకూడదు. వినగా వినగా ఆయన వాక్యం ఎటు పోతుందో ఆమె వేళ్ళకు తెలిసిపోయింది. ఆయన ఆగిపోతే తనే పూర్తి చేసేది. ఆయన దిద్దేవాడు కూడా కాదు.

ఆ సాయంత్రం నవలలో కథానాయకుడు వాగు ఒడ్డున గుర్రం దిగాడు. "నీళ్ళలో ఇంకెవరిదో నీడ కనిపించింది. వాడు..." అని పెద్దాయన ఆగాడు. ఆలోచనలో పడ్డాడనుకుని షెరీఫు ఆ వాక్యం పూర్తి చేసింది. ఊపు మీద తరువాతి పేరా కూడా కొట్టేసింది. "బాగుందాండీ?" అంది. జవాబు లేదు. నచ్చిందేమోలే అని ఇంకాస్త కొట్టింది. చివరికి మనసు కీడు శంకించి తిరిగి చూస్తే, ఆయన కుర్చీలో ఓ పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు.

వచ్చిన డాక్టరు, "కాస్త ముందే చూసుకుని ఉంటే..." అని ఊరుకున్నాడు. ఆ సగం మాటే ఆమెను పీక్కుతింటోంది. ఆ తరువాత పెద్దాయన భార్య ఆమెకు ఎదురుపడనే లేదు. ఆయన ఆగినా తాను తిరిగి చూడలేదని ఆవిడకు తెలిసిపోయింది, అందుకే మొహం చూడటం లేదు అనుకుంది షెరీఫు. ఇప్పుడేమో ఆవిడ నుంచి కబురు. సభలో ఆఖరి పేజీ షెరీఫే చదవాలట. పదిమందిలో నిలబెట్టి అడుగుతుంది కాబోలు.

హాలు కిక్కిరిసింది. ఎవరో అభిమాని కౌబాయ్ టోపీతో వచ్చి, వెనక కూర్చున్నవాళ్ళచేత తిట్లు తింటున్నాడు. ముందు వరసలో పెద్దాయన భార్య తల వంచుకుని కూర్చుంది. షెరీఫు మైకు ముందు నిలబడి చదువుతూ "వాడు..." దగ్గరికి వచ్చింది. చదువుకుంటూ పోతే ఎవరికీ తెలియదు. కానీ ఆవిడ తలెత్తి చూసింది. షెరీఫు కాగితం దించింది.

"ఆయన చెప్పింది ఇక్కడిదాకే," అంది. "మిగతాది నాది. ఆయన ఆగిపోయినా కొట్టుకుంటూ పోయాను. వెనక్కి తిరిగి చూడలేదు."

ఆవిడ లేచి, మెల్లగా మెట్లెక్కి వేదిక మీదికి వచ్చింది. చెంప పగులుతుందనే అనుకుంది షెరీఫు, కళ్ళు మూసుకుంది. ఆవిడ మైకును పక్కకు జరిపి, ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆయన గొంతు ఆగడం నాకూ వినపడిందే. తలుపవతలే నిలబడున్నా. మిషన్ ఆడుతోంది కదా, ఏం కాదులే అనుకున్నా. తలుపు తోయలేదు."

షెరీఫు కళ్ళు తెరిచింది.

"విని కూడా ఎందుకు రాలేదని అడుగుతావేమోనని, ఇన్నాళ్ళూ నీ కంటపడకుండా దాక్కున్నానే," అంది ఆవిడ.