బాగా ఉడకనివ్వండి

రాజోలు చేపల బజారులో మార్తమ్మ కత్తిపీట ముందు కూర్చుందంటే తలెత్తదు. కొరమీనుకు బూడిద రాసి, పొలుసు తీసి, కడుపు చీరుస్తుంది. కండలో చుట్టచుట్టుకున్న పురుగు కనబడితే బొటనవేలి గోటితో లాగి, కొనేవాళ్లు చూడకుండా కాలికింద నలిపేస్తుంది. ముక్కలు కవర్లో వేసి ఇస్తూ అందరికీ ఒకటే మాట చెబుతుంది: "బాగా ఉడకనివ్వండి."

ఆవేళ చేప కొనడానికొచ్చిన క్రిస్టీనా టీచరు పురుగును చూసేసింది.

"అయ్యో, ఇది తినొచ్చాండీ?"

"ఆయ్, తినొచ్చండి. ఉడికితే చచ్చిపోద్దండి."

"ఉడక్కపోతే?"

మార్తమ్మ చెయ్యి ఆగింది.

"మా ఆయన చెరువు కాపలా ఉండేవోరండి. గట్టుమీద కొబ్బరిడొక్కల మంటలో పైపైన కాల్చిన చేపంటే ఇష్టం. లోపల పచ్చిగానే ఉండాలనేవోరు. నేనే కాల్చి పెట్టేదాన్నండి. పెద్దాసుపత్రిలో డాక్టరుగారు ఆయన కంట్లోంచి పురుగు తీసేరు. చూపు మాత్రం రాలేదండి."

టీచరు కవరు అందుకోకుండానే వెళ్లిపోయింది.

ఆ ముక్కలు సాయంత్రం మార్తమ్మ పొయ్యిమీద ఉడికాయి. ఆకలేస్తోందని, దించమని భర్త రెండుసార్లు అడిగాడు. ముక్కలన్నీ విరిగి, చేపో పులుసో తెలియకుండా కలిసిపోయేదాకా ఆమె దించలేదు.