ఇటలీ బండిలో భీమిలి దాకా

మా ఇంట్లో ఇటలీ బండి అని పిలుచుకునే పాత చిన్న కారు ఒకటుంది. ఇటలీవాళ్ళ నమూనా, తయారైంది మాత్రం మన దేశంలోనే. నాన్న పోర్టులో పనిచేసే రోజుల్లో మాకు అలాంటిదే ఉండేది. ఆదివారాలు పిల్లలం నలుగురం వెనక సీట్లో ఒకరి మీద ఒకరం పడుతూ భీమిలి వెళ్ళేవాళ్ళం. ఆ మోజుతోనే పోయినేడాది ఆనందపురంలో ఒకాయన దగ్గర దీన్ని కొన్నాను. అప్పట్నుంచి సీతమ్మధారలో మా సందు సందంతా దాన్ని తోసినవాళ్ళే. చివరికి మా ఆవిడ సరళ తెగేసి చెప్పింది. "భీమిలి ఎల్లి, ఇంకొకరి చేత తోయించకుండా ఇంటికి తెస్తే ఉంచుకోండి. లేదంటే అమ్మేయాలి. ఏటంటారు?" ఏమంటాను, సరేనన్నాను.

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి బయల్దేరాం. బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ దాటి వెళ్తే భీమిలి ముప్పై కిలోమీటర్ల లోపే. మామూలు కారుకి ముప్పావుగంట, మాకు గంటన్నర పట్టింది. ఆగిన చోటల్లా ఎవరో ఒకరు "మా మావయ్యకి ఇదే ఉండేది బాబూ" అంటూ బానెట్ నిమిరేవారు మరి. ఈ బండికి గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది. ముందు సీటు బల్లలా ఒకటే, మధ్యలో అడ్డమేమీ లేదు. కైలాసగిరి దాటాక సరళ కొంచెం నా వైపు జరిగింది. కొత్త కార్లలో ఎవరి గూట్లో వాళ్ళం కూర్చుంటాం కదా, ఇంత దగ్గరగా కూర్చుని ఎన్నేళ్ళయిందో! చెప్పలేనంత సంతోషమేసింది. పైకి మాత్రం బుద్ధిగా రోడ్డే చూశాను.

భీమిలిలో ఇడ్లీ, టీ ఇద్దరికీ నూట ఇరవైలో అయిపోయాయి. లైట్‌హౌస్ దగ్గర కబుర్లలో పడి పదకొండు చేసేశాం, అదే పొరపాటు. తిరుగుదారిలో మంగమారిపేట దగ్గర ఎండకి, ఇంజనుకి పెట్రోలు అందించే పంపు వేడెక్కి బండి ఆగిపోయింది. ఈ బండికిది పుట్టుకతో వచ్చిన జబ్బు. పంపు మీద తడిగుడ్డ వేసి చల్లారనివ్వాలి. నేనేమో గుడ్డ ఇంట్లో మర్చిపోయాను. రోడ్డు పక్కన చేపలమ్మే ఆమె మమ్మల్ని చూసి వచ్చింది.

"ఏటి బాబూ, బండాగిపోనాదా? తొయ్యమంటారా?"

నేను నోరు తెరిచేలోపే సరళ "వద్దమ్మా, తొయ్యకండి!" అని అరిచింది. సంగతి విని ఆమె పడీపడీ నవ్వి, బుట్ట మీద కప్పిన తడిగోనె తీసిచ్చింది. "సేపల కంపు కొడతాది, తరవాత నన్ననొద్దు." పావుగంటకి ఇంజను అందుకుంది.

ఇంటి గేటు కనబడుతుండగా మళ్ళీ ఆగింది. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. అంతా అయిపోయిందనుకుని స్టీరింగు మీద తల వాల్చేశాను. సరళ దిగి, కొంగు బొడ్లో దోపి, వాచ్‌మన్ని పక్కకి జరగమని వెనక్కి వెళ్ళి చెయ్యేసింది.

"సూస్తారేటి, న్యూట్రల్ చెయ్యండి. ఇంకొకరి చేత తోయించొద్దన్నాను గానీ, నాను ఇంకొకర్తినేటి?"

మీరూ ఇలాంటి బండిలో భీమిలి వెళ్తే తొమ్మిదికల్లా తిరుగుముఖం పట్టండి. ఓ పాత తువ్వాలు, సీసాడు నీళ్ళు దగ్గరుంచుకోండి. నాన్న రోజుల కోసం కొన్నాను దీన్ని. అవి తిరిగి రావని దారి పొడుగునా ఖాళీ వెనక సీటు గుర్తుచేస్తూనే ఉంది. కానీ ఆ సాయంత్రం మా అమ్మాయి ఫోన్ చేసి, "ఏటమ్మా, నాన్న కారు అమ్మేసినట్టేనా?" అని అడిగింది. "మన బండి అమ్మడమేటే?" అంది సరళ.