ముట్టని బియ్యం

కొల్లాపూర్ దాటాక కృష్ణ ఒడ్డున ఉన్న ఆ ఇంటికి ప్రమీలమ్మ కుటుంబం హైదరాబాదు నుంచి చలికాలంలోనే వచ్చేది. మిగతా నెలలు తాళం. తాళంచెవి గుర్వమ్మ దగ్గర ఉండేది. కలుపు పనికి పోయి వచ్చి వాకిలి ఊడ్చేది, ఇల్లు చూసుకునేది.

వెళ్లేటప్పుడు ప్రమీలమ్మ వంటింట్లో కుండెడు బియ్యం పోసి గుడ్డ కట్టేది. ఇల్లు ఉత్తగా ఉండకూడదని అత్తగారు నేర్పిన ఆనవాయితీ. కారు మలుపు తిరగగానే గుర్వమ్మ ఆ బియ్యం తన ఇంటికి చేర్చి, నీళ్లు పోయే మోరీ కంతకు జాలీ బిగించి, అల్మారాల్లో వేపాకు పరిచేది. వాళ్లొచ్చే ముందు కొత్త బియ్యం పోసేది. ఒక్క ఎలుక రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ అడగలేదు.

ఒక ఏడాది వాళ్లు ముందుగా కబురు చెప్పకుండా చుట్టాలను వెంటబెట్టుకుని దిగారు. కుండ ఖాళీ.

"ఎలుకలొస్తయని తీసిన్నమ్మా. మల్ల పోస్తుంటి" అంది గుర్వమ్మ.

"ఎన్ని కాళ్ల ఎలుకే? రెండా, నాలుగా?" అంది ప్రమీలమ్మ.

"చీర గూడ కడతదేమో గా ఎలుక!" అని ఒక చుట్టం అందుకుంది. అందరూ పగలబడి నవ్వారు.

ఆ మాట ఊరికి పాకింది. బోరింగు దగ్గర ఆమె పేరు ఎలుకమ్మ అయింది.

"పోనీ తియ్యే" అన్నాడు భర్త హనుమంతు.

"ఎట్ల పోనిస్త?"

వెళ్తూ ప్రమీలమ్మ మళ్లీ కుండ నింపింది. "గీసారి గింజ తగ్గితే చూడు."

"ముట్టనమ్మా."

ముట్టలేదు. జాలీ బిగించలేదు. వేపాకు పరచలేదు. ఎండాకాలంలో వాకిలి ఊడుస్తుంటే లోపల గరగర వినిపించింది. చీపురు ఆపి, కొంగున కట్టిన తాళంచెవి పట్టుకుంది. ఇప్పుడు తలుపు తీస్తే పరుపులైనా దక్కుతాయి. చుట్టాల నవ్వు గుర్తొచ్చింది. ఊడవడం ముగించి ఇంటికి పోయింది. ఆ తర్వాత ఆ చప్పుడు వినడానికే కాస్త ముందుగా వచ్చేది.

చలికాలంలో ప్రమీలమ్మ వాళ్లు వచ్చారు. గుర్వమ్మ తలుపు తీయగానే కంపు కొట్టింది. పరుపుల దూది గదంతా పరుచుకుంది. కరెంటు తీగలు తెగి వేలాడుతున్నాయి. అల్మారాలో అత్తగారి గద్వాల చీర పీలికలైంది. ప్రమీలమ్మ గడపలోనే కూలబడింది.

"ఇన్ని దినాలు నీకు వినవడలేదానే?"

"వినవడ్డది."

"మరి తలుపు తియ్యకపోతివి?"

"దొంగ ఒక్కతే లోపలికి పోతే బాగుంటదా అమ్మా?"

ప్రమీలమ్మ గొంతు తగ్గింది. "అయిందేదో అయింది. జర లోపలికి రా, సాఫ్ చేద్దాం."

"ఆనాడు నవ్వినోళ్లను పిలువుండ్రి. గుర్వమ్మ దొంగ కాదని వాళ్ల ముందర అనుండ్రి. అప్పుడొస్త."

తాళంచెవి గడప మీద పెట్టి వాకిట్లో కూర్చుంది. ప్రమీలమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. చాలాసేపు ఎవరికీ కలపలేదు. గుర్వమ్మ లేవలేదు.